పాత ట్రయల్స్ బండికి ఫుట్‌పెగ్స్ వెనక్కి, కిందికి జరపడం ఎలా

ట్రయల్స్ బండి మీద కూర్చునేది తక్కువ, నిలబడేదే ఎక్కువ. రాళ్ళ మీద, వాగులో, చెట్ల వేళ్ళ మధ్య నడకంత మెల్లగా పోతూ కాలు కింద పెట్టకుండా దాటాలి. ఒకసారి పెడితే 1, రెండుసార్లయితే 2, అంతకు మించి ఎన్నిసార్లు పెట్టినా 3, పడిపోయినా సెక్షన్ (గుర్తులు పెట్టిన కష్టమైన దారి ముక్క) దాటలేకపోయినా 5, ఇవన్నీ మన ఖాతాలో పడే తప్పులు. అంటే మన ఒంటి బరువు మొత్తం బండికి అందేది పాదాలు ఆనే రెండు చిన్న ఇనుప ముక్కల, అంటే ఫుట్‌పెగ్స్ మీదుగానే. అవి అంగుళం అటో ఇటో అయితే బండి తీరే మారిపోతుంది. అందుకే పాత బండి కొన్నవాళ్ళు మొదట చెయ్యి పెట్టేది వీటి మీదే, చెడగొట్టుకునేది కూడా ఇక్కడే. నేను కూడా చెడగొట్టుకున్నాను, ఆ సంగతి కింద చెప్తాను.

1965లో సామీ మిల్లర్ అనే రైడర్ బుల్టాకో షెర్పా అనే తేలికైన స్పానిష్ టూ స్ట్రోక్ బండి మీద స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్స్ పోటీ గెలిచాక, బరువైన బ్రిటిష్ ఫోర్ స్ట్రోక్ బళ్ళ కాలం దాదాపు అయిపోయింది. ఆ తర్వాత మోంటెసా కోటా, ఓస్సా మార్, యమహా టీవై ఇలా వరసగా వచ్చాయి. ఈ పాత బళ్ళలో చాలావాటికి ఇప్పటి బళ్ళతో పోలిస్తే పెగ్స్ కాస్త ముందుకి, కాస్త పైకి ఉంటాయి. అప్పటివాళ్ళు తెలియక పెట్టలేదు. ముందు చక్రాన్ని నేలకు అదిమిపెట్టి, దానితోనే దారి వెతుక్కుంటూ పోవడం అప్పటి పద్ధతి, చక్రం గాల్లోకి లేపి పక్కకు గెంతించడం తర్వాత వచ్చిన విద్య. కాబట్టి మీ బండిని ఈ కాలం బండిలా చేసెయ్యాలనుకుంటే పెగ్స్ ఒక్కటే జరిపితే సరిపోదు, ఆ ఆశ ఇక్కడే వదిలెయ్యండి. మనం చేసేది పాత బండి మీద మన ఒళ్ళు హాయిగా నిలబడేలా చెయ్యడం, అంతవరకే.

జరిపితే ఏమవుతుంది

వెనక్కి జరిపితే బరువు వెనక చక్రం మీదికి పోతుంది, పట్టు పెరుగుతుంది, ముందు చక్రం లేపడం సులువవుతుంది. ఇది అందరూ చెప్పేదే, కానీ ఒకసారి లెక్క వేసి చూడండి. రెండు చక్రాల మధ్య దూరం 1300 మి.మీ., మనిషి 80 కిలోలు, పెగ్ 25 మి.మీ. వెనక్కి జరిపాం అనుకుందాం. ముందు చక్రం నుంచి వెనక చక్రానికి మారే బరువు 80 × 25 ÷ 1300, అంటే ఒకటిన్నర కిలో! ఇంతేనా అనిపిస్తుంది. నిటారుగా కదలకుండా నిలబడితే ఇంతే. కానీ తేడా తెలిసేది కదిలేటప్పుడు. పాదం వెనక్కి పోతే నడుము ఇంకా వెనక్కి పోగలదు, చేతులు పూర్తిగా చాపి హ్యాండిల్‌ని లాగొచ్చు, మోకాళ్ళు ట్యాంకుకి తగలకుండా వంచొచ్చు. బండి మారినట్టు అనిపించేది ఈ కదలిక వల్ల. అందుకే పక్కవాడు 30 జరిపాడని మనం 30 జరపడంలో అర్థం లేదు, వాడి కాళ్ళ పొడవు వేరు.

కిందికి దించితే మోకాళ్ళు వంచడానికి చోటు దొరుకుతుంది, హ్యాండిల్ ఎత్తు పెరిగినట్టుంటుంది, నడుం వంచి రోజంతా నిలబడాల్సిన అవస్థ తగ్గుతుంది. పొడుగు మనుషులకు వెనక్కి జరపడం కన్నా కిందికి దించడమే ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం. నష్టం ఏమిటంటే, లోతైన గాడిలో పోయేటప్పుడు పెగ్ అంచు రాయికి తగులుతుంది, బూటు కాలివేళ్ళతో సహా.

నా సంగతి ఏమైందంటే, మొదటిసారి ఉత్సాహంలో 45 మి.మీ. వెనక్కి, 25 కిందికి తీసుకుపోయాను. చదును మీద అద్భుతంగా ఉంది, రెండు వేళ్ళతో లాగితే ముందు చక్రం లేచేది. ఏటవాలు గట్టు ఎక్కుతూ మలుపు తిప్పాల్సి వచ్చినప్పుడు తెలిసింది, హ్యాండిల్ తిప్పుతున్నాను, ముందు చక్రం మాత్రం నేలను తాకీ తాకనట్టు తేలిపోతూ తిన్నగా పోతోంది. ఒంటిని ముందుకు తోసి తోసి సాయంత్రానికి భుజాలు పడిపోయాయి. మొత్తం కోసేసి 20 దగ్గరికి తెచ్చుకున్నాక గానీ బండి మాట వినలేదు. ఇప్పుడు ఎవరడిగినా ఒకటే చెప్తాను, మొదట 15 నుంచి 25 వెనక్కి, 15 నుంచి 20 కిందికి, అంతకన్నా ఎక్కువ కావాలనిపిస్తే నెల రోజులు తొక్కాక ఆలోచించండి.

ఇంకొకటి, పోటీలకు వెళ్ళే ఆలోచన ఉంటే ముందు ఆ పోటీ నిబంధనలు చూసుకోండి. 1965కు ముందు బళ్ళ తరగతికి, రెండు షాకబ్జార్బర్ల తరగతికి ఏం మార్చొచ్చు ఏం మార్చకూడదు అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కోసేశాక చదివితే లాభం లేదు.

కొలతలు

గ్రైండర్ ముట్టుకోకముందు కాగితం, టేపు, ఫోన్ కెమెరా. బండిని చదునైన నేల మీద నిటారుగా నిలబెట్టండి, రెండు చక్రాల్లో గాలి సరిగ్గా ఉండాలి. కొలతకు కదలని ఆధారం ఒకటి కావాలి, స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చెయ్యి) బోల్ట్ మధ్య బిందువు దీనికి చాలా మంచిది, ఎందుకంటే సస్పెన్షన్ ఎంత కదిలినా అది ఫ్రేముతో పాటే ఉంటుంది. అక్కడినుంచి పెగ్ పిన్ (పెగ్ మడిచేటప్పుడు దేని చుట్టూ తిరుగుతుందో అది) మధ్యకి అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత, రెండూ రాసుకోండి. ఎడమ, కుడి విడివిడిగా రాయండి, రెండూ ఒకటే అని అనుకోవద్దు. నలభై యాభై ఏళ్ళ బండి, ఎన్నిసార్లు పడిందో, ఎవరెవరు సుత్తితో సరిచేశారో. ఆరేడు మి.మీ. తేడా కనిపించినా ఆశ్చర్యపడక్కర్లేదు.

అదే సమయంలో పెగ్ పిన్ పట్టుకుని ఊపి చూడండి. రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి అరిగిపోయి, పెగ్ బయటి అంచు కిందికి వాలిపోయి ఉంటే, మీకు బండి బాగోలేదనిపించడానికి అసలు కారణం అదే కావచ్చు. వాలిన పెగ్ మీద బూటు బయటికి జారుతూ ఉంటుంది, కాలు తెలియకుండానే బిగుసుకుంటుంది. కొత్త పిన్ వేసి, పెగ్ మడమ అంటే ఫ్రేముకి ఆనే భాగం మీద కాస్త వెల్డింగ్ పోసి ఆకురాయితో అరగదీసుకుంటే, బయటి అంచు రెండు మూడు డిగ్రీలు పైకి లేస్తుంది. దానికే సగం సమస్య తీరిపోయి మిగతా పని మానుకున్నవాళ్ళు ఉన్నారు. పెగ్ వెడల్పు కూడా చూడండి. పాతవి చాలావరకు సన్నటి పట్టీలు, ఇప్పటివి 50 మి.మీ. దాకా వెడల్పుంటాయి, పళ్ళు కూడా పదునుగా ఉంటాయి. వెడల్పు పెగ్ బిగిస్తే పాదం ఆనే మధ్య బిందువు ఎలాగూ కాస్త వెనక్కి జరుగుతుంది, దాన్ని కూడా లెక్కలో వేసుకోండి.

అట్టముక్కతో మొదలుపెట్టండి

మందమైన అట్టముక్క ఫ్రేము పక్కన పెట్టి పాత రంధ్రం గుర్తు పెట్టండి, కొత్త రంధ్రం ఎక్కడ కావాలో చుక్క పెట్టండి, దాని చుట్టూ, పెగ్‌ని కొత్త చోట పట్టుకోబోయే ఇనుప పట్టీ ఆకారం గీసి కత్తిరించండి. తర్వాత దాన్ని ఫ్రేముకి టేపుతో అంటించి బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చెయ్యండి. ఎక్కడ తగులుతుందో అప్పుడే తెలుస్తుంది. చైన్ ఉన్నవైపు చైనుకి, స్వింగ్‌ఆర్మ్‌కి, ఇంకోవైపు సైలెన్సర్ పైపుకి, కిక్ రాడ్‌కి. షాకబ్జార్బర్లు రెండూ విప్పేసి, వెనక చక్రాన్ని చేత్తో పైనుంచి కింది దాకా పూర్తిగా కదిపి చూడాలి, స్టాండు మీద నిలబెట్టి చూస్తే సరిపోదు. చైన్ వదులుగా ఉన్నప్పుడు ఎగిరి ఎక్కడికి పోతుందో కూడా చూడండి. కనీసం వేలు దూరేంత ఖాళీ ఉంచండి. పెగ్ మడిచినప్పుడు కిక్ రాడ్ పూర్తిగా కిందికి పోతుందా అన్నది చాలామంది మర్చిపోతారు, నీళ్ళలో బండి ఆగిపోయినప్పుడు గుర్తొస్తుంది.

ఈ దశలో ఇంకో చిట్కా. 6 మి.మీ. ఇనుప పట్టీకి 20 మి.మీ. ఎడంగా మూడు రంధ్రాలు పెట్టి, దాన్ని తాత్కాలికంగా బోల్ట్‌లతో బిగించి, పెగ్ ఒక్కో రంధ్రంలో పెట్టి చూడండి. ఇది తొక్కడానికి కాదు, బండిని ఎవరైనా పట్టుకుంటే మీరు పైన నిలబడి మోకాళ్ళు, నడుము, చేతులు ఎలా ఉన్నాయో చూసుకోవడానికి మాత్రమే. కళ్ళు మూసుకుని నిలబడి, హ్యాండిల్ వదిలేసి చూడండి. ముందుకు పడబోకుండా, వెనక్కి తూలకుండా నిలబడగలిగితే మీ చోటు దాదాపు దొరికినట్టే.

బోల్ట్‌లా, వెల్డింగా

ఫ్రేము పాడవకూడదు, రేపు మళ్ళీ పాతదానిలా చేసుకోవాలి అనుకుంటే బోల్ట్ పట్టీ మంచిది. కానీ ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి, పట్టీ ఒకే బోల్ట్ మీద నిలబడకూడదు. ఎంత బిగించినా ఒక బోల్ట్ చుట్టూ అది తిరిగి తీరుతుంది. పాత పెగ్ పిన్ రంధ్రం ఒకటి, ఫ్రేములో ఇంకెక్కడైనా రెండోది, లేదా కనీసం పట్టీ అంచు ఫ్రేము ట్యూబుకి గట్టిగా ఆనేలా ఒక మెట్టు ఉండాలి. బోల్ట్‌లు తల మీద 8.8 అని రాసి ఉన్నవి వాడండి, మర పడని నున్నటి భాగం పట్టీ రంధ్రంలో ఉండేంత పొడవు తీసుకోండి. మర ఉన్నచోట కోత బలం పడితే అక్కడే విరుగుతుంది.

ఎంత బలం పడుతుందో తెలిస్తే ఈ జాగ్రత్తలు అతి అనిపించవు. 90 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడితే, పాదం ఫ్రేము నుంచి 100 మి.మీ. బయట ఉందనుకుంటే, వంచే బలం దాదాపు 88 న్యూటన్ మీటర్లు. గట్టు దిగి నేలకు తగిలినప్పుడు అది మూడింతలయిందనుకోండి, 260 దాటుతుంది. ఇది ఒక్కసారి కాదు, రోజుకు కొన్ని వందల సార్లు.

వెల్డింగ్ అయితే ముందు మీ ఫ్రేము దేనితో చేశారో తెలుసుకోండి. మామూలు మైల్డ్ స్టీల్ ట్యూబు అయితే పెద్ద ఇబ్బంది లేదు. కొన్ని పాత బళ్ళలో వాడిన రేనాల్డ్స్ 531 అనే ఉక్కు ట్యూబు సంగతి వేరు, అది ఇత్తడితో అతికించడానికి ఉద్దేశించిన పల్చటి ట్యూబు, దాని మీద మామూలు ఆర్క్ వేడి పెడితే వెల్డింగ్ పక్కనే బలహీనపడుతుంది. అలాంటి ఫ్రేము మీద బోల్ట్ పట్టీయే వేసుకోండి, లేదా ఆ పని రోజూ చేసేవాళ్ళకు ఇవ్వండి. నాకు వెల్డింగ్ వచ్చు అనే మాట అక్కడ పనికిరాదు.

మొదలుపెట్టేముందు ట్యాంకు విప్పి దూరంగా పెట్టండి, కార్బురేటర్ కూడా. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉంటే దాని తీగలు పీకెయ్యండి. ఎర్త్ క్లిప్పు వెల్డింగ్ చేసే చోటుకి పక్కనే తగిలించండి, వెనక చక్రానికో ఇంజనుకో తగిలిస్తే కరెంటు బేరింగుల్లోంచి పోయి వాటిని గుంతలు పెడుతుంది. పెయింటు, క్రోమ్, జింకు పూత మొత్తం గీకి మెరిసే ఇనుము కనిపించాలి, ఆ పూతల పొగ పీల్చకూడదు. ఇంకా ముఖ్యం, జిడ్డు తుడవడానికి క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ స్ప్రే వాడకండి. దాని ఆవిరి ఆర్క్ వెలుగుకి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది, ఇది ప్రాణం తీసే సంగతి. వేడి నీళ్ళు, సబ్బు, వైరు బ్రష్ చాలు.

పట్టీని ట్యూబుకి అడ్డంగా నిలబెట్టి అంచు మీద గీత వేసి వదలకండి. ట్యూబు గుండ్రానికి సరిపోయేలా పట్టీ అంచుని అర్ధచంద్రంలా తొలిచి, ట్యూబుని కాస్త చుట్టుకునేలా కూర్చోబెట్టాలి, రెండు కొసలు సన్నగా వాలుగా ముగియాలి. బలం ఒక్కచోట ఆగిపోకుండా ట్యూబు పొడవునా పరుచుకోవడానికి ఇది. ట్యూబు చుట్టూ ఉంగరంలా మాత్రం వెల్డ్ చెయ్యొద్దు, పగులు సరిగ్గా ఆ ఉంగరం వెంటే తిరుగుతుంది. పట్టీ వెనకాల త్రికోణపు ముక్క ఒకటి ఆసరాగా పెడితే ఇంకా మంచిది.

ఇక అసలు మెళకువ. రెండు వైపుల పిన్ రంధ్రాలు సమంగా రావాలంటే, రెండు పెగ్స్ బిగించి, వాటి మీద బండికి అడ్డంగా ఒక మీటరు పొడవున్న తిన్నని ఇనుప పట్టీ పెట్టి, రెండు వైపులా క్లాంపులు వెయ్యండి. ఇప్పుడు దాని మీద మట్టం పెట్టొచ్చు, దాని రెండు కొసల నుంచి వెనక ఇరుసుకి టేపు పట్టొచ్చు. రెండు దూరాలు కలిసేదాకా కదపండి. తర్వాత ఒక్కో వైపు రెండేసి చిన్న ట్యాక్‌లు (తాత్కాలికంగా పట్టి ఉంచే వెల్డింగ్ చుక్కలు) వేసి, క్లాంపులు విప్పి, మళ్ళీ కొలవండి. నా రెండో ప్రయత్నంలో ఈ మళ్ళీ కొలవడం మానేశాను, ట్యాక్ చల్లారేటప్పుడు పట్టీని లాగేసిందని పూర్తిగా వెల్డ్ చేశాక గానీ తెలియలేదు. ఎడమ పెగ్ 8 మి.మీ. పైన! ఆరు నెలలు అలాగే తొక్కాను, బద్ధకం. ఎడమవైపు మలుపులు ఎందుకు రావట్లేదో అని సస్పెన్షన్‌ని తిట్టుకుంటూ.

కొలత సరిగ్గా ఉంటే అప్పుడు పూర్తి వెల్డింగ్. ఎడమ కొంచెం, కుడి కొంచెం, అంగుళం అంగుళం చొప్పున, మధ్యలో చల్లారనిస్తూ. నీళ్ళు పోసి చల్లార్చొద్దు. పెగ్ పైకి, వెనక్కి ఏటవాలుగా మడవాలి, స్ప్రింగు దాన్ని తిరిగి తేవాలి. రాయి తగిలి మడవని పెగ్ మీ కాలినో ఫ్రేమునో విరగ్గొడుతుంది, రెండిట్లో ఏదో ఒకటి.

బ్రేక్ పెడల్ అనే తలనొప్పి

పెగ్స్ పని ఒక రోజు అనుకుంటే, దీనికి ఇంకో రోజు పెట్టుకోండి. పెగ్ వెనక్కి పోయింది కాబట్టి పాదం బ్రేక్‌కి అందదు. సహజంగా తోచేది పెడల్ కొస కోసి పొట్టిగా చెయ్యడం. ఇక్కడ కాస్త ఆగండి. పెడల్ తిరిగే ఇరుసు నుంచి దాని కొస 200 మి.మీ., బ్రేక్ రాడ్ తగిలించే చెయ్యి 50 మి.మీ. అయితే, మీ కాలి బలం నాలుగింతలై బ్రేక్‌కి పోతుంది. కొసని 160కి కోస్తే మూడుంపావుకు కాస్త తక్కువ, అంటే అయిదో వంతు బ్రేక్ పోయినట్టే. పాత డ్రమ్ బ్రేకులకు ఉన్నదే అంతంతమాత్రం. రాడ్ తగిలించే రంధ్రాన్ని కూడా 40 దగ్గరికి తెస్తే బలం మళ్ళీ వస్తుంది, కానీ రాడ్ కదిలే దూరం తగ్గుతుంది కాబట్టి బ్రేక్ షూలు దగ్గరగా సర్దుకోవాలి. వీలైతే పెడల్ ఇరుసునే పెగ్ జరిగినంత వెనక్కి జరిపి, రాడ్‌ని ఆ మేరకు పొట్టి చెయ్యడం శుభ్రమైన పని. పెడల్ కొస బూటు అడుగుకి ఒక వేలు కిందుగా ఉండాలి. దాన్ని మీరు పెగ్స్ మీద నిలబడి చూడాలి, కూర్చుని కాదు.

గేర్ రాడ్ గురించి పెద్దగా కంగారు వద్దు. ట్రయల్స్ బళ్ళలో దాన్ని కావాలనే పాదానికి దూరంగా పెడతారు, సెక్షన్ మధ్యలో పొరపాటున బూటు తగిలి గేరు మారకూడదని. పెగ్ కిందికి దిగితే రాడ్‌ని పళ్ళ మీద ఒక్క గాడి కిందికి తిప్పితే చాలు. పాత బళ్ళలో కొన్నిటికి గేరు కుడివైపు, బ్రేక్ ఎడమవైపు ఉంటుందని గుర్తుంచుకుని, పైన చెప్పింది మీ బండికి అన్వయించుకోండి.

హ్యాండిల్ చివర్లో. పాదాలు వెనక్కి పోయాయి కాబట్టి హ్యాండిల్ దూరంగా అనిపిస్తుంది, వెంటనే వెనక్కి తిప్పెయ్యాలనిపిస్తుంది. రెండు మూడుసార్లు తొక్కేదాకా ముట్టుకోకండి. హ్యాండిల్‌ని బాగా వెనక్కి వాల్చితే మలుపులో పొట్టకి తగులుతుంది, పైగా మీరు వెనక్కి జరిపి సంపాదించిన చోటంతా పోతుంది.

తొక్కి చూడటం

మొదట చదును మీద, ఎనిమిది అంకె ఆకారంలో, హ్యాండిల్ చివరిదాకా తిప్పి, మెల్లగా. తర్వాత ఏటవాలు ఎక్కుతూ మలుపు, నా బండి నన్ను పట్టించింది అక్కడే. ముందు చక్రం తేలిపోతుంటే పెగ్స్ ఎక్కువ వెనక్కి పోయినట్టు. దిగుడులో చేతుల మీద బరువు పడుతుంటే ఇంకా ముందుకే ఉన్నట్టు. ఒకేసారి రెండు మార్పులు చెయ్యకండి, దేనివల్ల ఏమైందో తెలియదు.

గంటసేపు తొక్కాక బోల్ట్‌లన్నీ మళ్ళీ బిగించండి. వెల్డింగ్ అయితే పెయింటు వెయ్యడానికి తొందరపడొద్దు, రెండు మూడు వారాలు పల్చగా నూనె రాసి వదిలెయ్యండి. తర్వాత వెల్డింగ్ గీతల మీద కిరసనాయిలు రాసి, పది నిమిషాలాగి శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లండి. ఎక్కడైనా పగులు ఉంటే లోపలికి పోయిన కిరసనాయిలు సుద్దలోకి ఊరి, తల వెంట్రుకంత సన్నటి తడి గీత కనిపిస్తుంది. కనిపిస్తే ఆ వెల్డింగ్ మొత్తం కోసేసి మళ్ళీ వెయ్యాలి, పైన ఇంకో పొర పోస్తే లాభం లేదు. కనిపించకపోతే పెయింటు వేసుకోండి.